డిక్కీలో పసుపు

మా కారులో పెద్ద సౌండు పెట్టిస్తున్నారన్న వార్త నాకు మొదట తెచ్చింది మా మరిది. ఎండాకాలం మొదలు. మేడ్చల్‌లో మా ఇంటి అరుగు మీద కూచుని తొక్కుకు మామిడికాయలు తుడుస్తున్నాను. స్కూటరు స్టాండు వేయకముందే మొదలుపెట్టాడు.

"వదినా, ఇగ మన బండి మామూలు బండి కాదు. గల్లీల అందరి కిటికీ అద్దాలు కదుల్తయ్."

"అద్దాలు పలిగితే ఎవరు ఏయిస్తరు?" అన్నాను.

"నీకు తెల్వదు వదినా. పెండ్లోళ్ళు ఇప్పుడు బండిని జూస్తలేరు. బండ్లె సౌండు జూస్తుండ్రు."

నిజంగానే నాకు తెలియదు. ఆ కారు మా ఆయన సెకండ్ హ్యాండ్‌లో కొన్న తెల్ల కారు. మేడ్చల్ అడ్డాలో కిరాయికి పెట్టేవాడు. శామీర్‌పేటకు, కీసరకు, సికింద్రాబాద్ ఆస్పత్రులకు, ఎటు పిలిస్తే అటు. రోజూ పొద్దున నేను దాని అద్దం తుడిచి, ముందర ఒక పువ్వు పెట్టి, "ఇవాళ్టి తిండికి నీదే దయ" అని దండం పెట్టుకునేదాన్ని. అందులో ఒక చిన్న టేపు ఉండేది, తలుపుల్లో రెండు చిన్న స్పీకర్లు. మా పుట్టింటికి శామీర్‌పేట దిక్కు పోయేటప్పుడు భజన క్యాసెట్ ఒకటి పెట్టుకునేవాళ్ళం. నాకు ఆ చప్పుడు సరిపోయేది.

నేను బడికి పోలేదు. మా బాపు దర్జీ. మిషన్ పక్కన కూచోబెట్టుకుని, బట్ట మీద సుద్దముక్కతో అక్షరాలు రాసి నేర్పాడు. ఆ చదువుతోనే ఇప్పుడు ఇది రాస్తున్నాను, ఆయనకు నేను రుణపడి ఉన్నాను. కాని బాపు నేర్పినవాటిలో కరెంటు లేదు. అందుకని తర్వాత జరిగినదాంట్లో సగం నాకు అప్పుడు అర్థం కాలేదు. కొంత ఇప్పటికీ కాలేదు.

మా మరిది పట్నం తీసుకుపోయి ఒక దుకాణంలో పెట్టించాడు. డిక్కీలో బియ్యం డబ్బా అంత సౌండు బాక్సు, దాని పక్కన ఇనుప పెట్టె లాంటి యాంప్లిఫయర్. టేపు ఇచ్చే చిన్న చప్పుడును ఆ పెట్టె పెద్దది చేస్తుందట. దీపాలు పెట్టే వేళకు ఇంటి ముందు నిలిపి, హెడ్‌లైట్లు వేసి, పాట పెట్టాడు. ధమ్ అన్నప్పుడల్లా నా గుండెలో కొట్టినట్టయింది. అంతకన్నా వింత ఇంకోటి. ధమ్ అన్నప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి. మళ్ళీ వెలుగుతున్నాయి. మళ్ళీ ధమ్, మళ్ళీ మసక.

"గిదేంది, పాట కొడితే లైట్లు కండ్లు మూస్తున్నయ్?" అన్నాను.

"డిజైన్ వదినా, డిజైన్," అన్నాడు మా మరిది.

ఆ డిజైన్ సంగతి తెల్లారి తెలిసింది. కారు స్టార్ట్ కాలేదు. బ్యాటరీ ఖాళీ. నలుగురు తోస్తే కదిలింది. ఆ మరునాడూ అంతే. వారం రోజుల తర్వాత పాలు పోసే ఆయన గేటు దగ్గర నిలబడి మా ఆయనతో అన్నాడు: "సౌండు మస్తుగున్నదట గదా పటేలా! మరి తోసేటోళ్ళకు పాట పెట్టరా?"

మా ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజే అడ్డాలో ఎవరో చెబితే, రోడ్డు మీద ఒక్క షటరు దుకాణం పెట్టుకున్న ఎలక్ట్రీషియన్‌ను ఇంటికే పిలుచుకొచ్చాడు. యాభై దాటిన మనిషి. తల నెరిసింది. లారీల వైరింగులు, ట్రాక్టర్ల డైనమోలు బాగుచేసి బాగుచేసి చేతివేళ్ళు నల్లబడ్డాయి. ఆదివారం మాత్రం షటరు దించేసి, తెల్ల చొక్కా వేసుకుని చర్చికి పోతాడని అందరూ అనేవారు. నన్ను చెల్లె అన్నాడు. నేను అన్నా అన్నాను.

పాట పెట్టించి రెండు నిమిషాలు విన్నాడు. ఆపించి, డిక్కీలోకి పోయే వైరు పట్టుకున్నాడు.

"చెయ్యి పెట్టి సూడు చెల్లె."

వైరు వెచ్చగా ఉంది, జ్వరం వచ్చిన పిల్ల నుదురులా.

"కొత్త వైర్లేనన్నా," అన్నాడు మా మరిది రోషంగా.

"కొత్తయే. సన్నగున్నయ్." నా దిక్కు తిరిగాడు. "చెల్లె, బాయి కాడ అయిదు హెచ్‌పీ మోటరు వెట్టి, బిందెల పట్టుకునే సన్న పైపు తొడిగితే నీళ్ళొస్తయా?"

"రావు. పైపు ఊడి వస్తది."

"గట్లనే. ఇంత సౌండు గింత సన్న వైరుకెల్లి ఎట్లొస్తది? లైట్లకు పొయ్యే కరెంటును గూడ గిదే గుంజుకుంటాంది."

అంతవరకు నాకు అర్థమైంది. రెండు రోజులు మా వాకిట్లోనే పనిచేశాడు. డైనమో నుంచి బ్యాటరీకి కొత్త వైరు, బ్యాటరీ నుంచి బండి బాడీకి ఒకటి, ఇంజను నుంచి బాడీకి ఒకటి. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా చిటికెనవేలంత లావు ఎర్ర వైరు, కాళ్ళ కింది మ్యాటు అడుగునుంచి. బ్యాటరీ పక్కనే ఒక ఫ్యూజు. నేను చాయ్ ఇచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న అడిగేదాన్ని. ఆయన విసుక్కోలేదు.

"ఎర్రది కరెంటు పొయ్యేది. నల్లది తిరిగొచ్చేది," అన్నాడు.

కాని ఆ నల్ల వైరు మూరెడు కూడా లేదు. యాంప్లిఫయర్ దగ్గర మొదలై డిక్కీ నేలకే ఆగిపోయింది. అక్కడ కారు రంగును గరుకు కాగితంతో రూపాయి బిళ్ళంత మేర గీకి, ఇనుము వెండిలా మెరిసేదాకా రుద్ది, వైరు చివరి రాగి ఉంగరాన్ని దానికి బోల్టుతో బిగించాడు. దాన్ని ఎర్త్ అంటారట.

"మరి బ్యాటరీ ముందరున్నది గదన్నా. గీడికెల్లి గాడికి ఎట్ల పోతది?"

"బండి ఇనుమే తొవ్వ చెల్లె. బండి మొత్తం ఒక నల్ల వైరనుకో."

బండే తిరుగు దారి అనేసరికి నా అయోమయం ఇంకా ముదిరింది. "అయ్యో, మరి మేం కూసుంటే కొట్టదా?"

"పన్నెండు వోల్టులు. చీమ గూడ సావది." నవ్వి గ్లాసు కింద పెట్టాడు.

పని అయ్యాక పాట పెట్టాడు. లైట్లు రెప్ప వేయలేదు. మర్నాడు పొద్దున ఒక్క సెల్ఫుకే కారు లేచింది. నేను ఆ మనిషికి రెండు చేతులెత్తి దండం పెడితే సిగ్గుపడ్డాడు. సంచి సర్దుకుంటూ మా ఆయనతో ఒక మాట చెప్పాడు, అది నేను విన్నాను.

"నీ బండి జూసి అడ్డాల ఇంకిద్దరు కార్తీకం పెండ్లిళ్ళ నాటికి వైరింగు జేయించుకుంటమన్నరు తమ్మీ. లారీల పని శానా తగ్గింది, అందరు పెద్ద వర్క్‌షాపులకే పోతుండ్రు. ఇగ గీ పని నిలబడితేనే నా షటరు నిలబడ్తది."

అప్పుడు నేను మనసులో కీసర స్వామికి చెప్పుకున్నాను, ఈయన షటరు నిలబెట్టు స్వామీ అని. అది పడిపోవడంలో నా చెయ్యి ఉంటుందని ఎలా అనుకుంటాను?

దసరా వచ్చింది. బండి పూజ. మా ఆయన డిక్కీ కడగడానికి బాక్సు, యాంప్లిఫయర్ బయటపెట్టాడు. నల్ల వైరు బోల్టు కూడా విప్పాడు. కడిగిన తర్వాత తుడుస్తుంటే ఆ గీకిన గుండ్రం నా కంట పడింది. కారంతా రంగుతో కళకళలాడుతుంటే అక్కడ మాత్రం బోసిగా, బొట్టు లేని ముఖంలా ఉంది. తడి ఇనుము తుప్పు పడుతుందన్నది కూడా నాకు తెలుసు.

మా దిక్కు చాలా ఇళ్ళలో గడపకు రోజూ పసుపు రాయరు. తొక్కితే పోతుందని, పండుగకు ఒకసారి పసుపు రంగు పెయింటే వేసి, దాని మీద ఎర్ర పెయింటుతో బొట్లు పెడతారు. నేనూ ఆ పొద్దున గడపకు వేశాను. డబ్బా అడుగున ఇంకా కొంచెం మిగిలింది. వేలితో తీసి ఆ గుండ్రానికి నిండుగా పూశాను. ఎండకు ఆరనిచ్చి ఇంకో పూత వేశాను. నడుమ ఎర్ర బొట్టు పెట్టాను.

మా ఆయన చూసి, "మంచి పని జేసినవ్, తుప్పు వట్టది," అన్నాడు. సాయంత్రం దాని మీదనే వైరు పెట్టి బోల్టు బిగించాడు. నిమ్మకాయలు తొక్కించి, కారును అడ్డా దాకా తీసుకుపోయి వచ్చాడు.

ఆ తర్వాత పాటతోపాటు గుయ్యిమని ఒక మూలుగు మొదలైంది. కారు వేగం పెంచితే మూలుగూ పెరిగేది. మా మరిది క్యాసెట్లు పాతబడ్డాయన్నాడు. నేను నమ్మాను.

కార్తీకంలో శామీర్‌పేటలో మా దూరపు చుట్టాల పెళ్ళి. బరాత్‌కు మా కారే. పొద్దు గూకే వేళ పెళ్ళికొడుకు ముందు సీట్లో కూచున్నాడు, మా ఆయన నడుపుతున్నాడు, మా మరిది పక్కనే నడుస్తూ ఎగురుతున్నాడు. మేం ఆడవాళ్ళం వెనక. పాట రోడ్డంతా దద్దరిల్లుతోంది. నాకూ గర్వంగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. పెద్ద రోడ్డు మీదినుంచి గల్లీలోకి తిరిగారో లేదో, పాట ఆగి గుర్రుమని ఒక్క చప్పుడు వచ్చింది. తర్వాత అదీ లేదు. టేపు ఉన్న చోటునుంచి, సరిగ్గా పెళ్ళికొడుకు మోకాళ్ళ ముందర, నల్లటి పొగ. ప్లాస్టిక్ కాలిన వాసన. పెళ్ళికొడుకు తలుపు తీసుకుని దూకాడు. బాసింగం ఒక చెవి మీదికి వచ్చింది.

పెళ్ళికొడుకు మేనత్త మా మరిదిని పట్టుకుంది. "ఓ పిల్లగా! మా పోరనికి బాసింగం కట్టుమన్నం గని పొగ వెట్టుమన్నమా?"

ఎవరికీ ఏమీ కాలేదు, అది స్వామి దయ. డప్పులవాళ్ళు అందుకున్నారు, పెళ్ళికొడుకు నడుచుకుంటూనే పోయాడు. కాని జనం నవ్వారు. మా మరిదికి ఆ నవ్వు ఒంట్లో ముల్లులా దిగింది.

మర్నాడు పొద్దున అడ్డాలో, డ్రైవర్లందరి ముందర, ఎలక్ట్రీషియన్ మీద అరిచాడట. "నీ చేతులల్ల పని పోయింది పెద్దమనిషీ! నీ వైర్లు మా ఇజ్జత్ తీసినయ్. జర అయితే పెండ్లికొడుకు కాలిపోతుండె." వైరింగు చేయించుకుంటామన్న ఆ ఇద్దరూ అక్కడే మనసు మార్చుకున్నారట. ఆయన ఎదురు మాట అనకుండా సంచి తీసుకుని నేరుగా మా ఇంటికి వచ్చాడు.

ముందు టేపు దగ్గర చూశాడు. టేపునుంచి యాంప్లిఫయర్‌కు పాట మోసుకుపోయే సన్న వైరు ఒకటుంది, అది ఆ చివరినుంచి ఈ చివరిదాకా కరిగిపోయింది. కొత్తది తెమ్మని మా ఆయనను దుకాణానికి పంపాడు. తర్వాత డిక్కీ తెరిచి నల్ల వైరు బోల్టు విప్పాడు. నేను పక్కనే నిలబడ్డాను.

రాగి ఉంగరం కింద నా పసుపు, నా ఎర్ర బొట్టు. అంచుల్లో కొంచెం మాడి ఉన్నాయి. ఆయన గోటితో ఒకసారి గీకాడు. తలెత్తి మా గడప దిక్కు చూశాడు. మళ్ళీ కిందికి చూశాడు.

"గిది ఎవరు వెట్టిండ్రు చెల్లె?"

"నేనే అన్నా. దసరా పూజకు."

బోల్టును గుడ్డతో తుడిచాడు. "మంచిది," అన్నాడు చివరికి. దానికి జానెడు దూరంలో కొత్తగా రంగు గీకి, ఇనుము మెరిపించి, వైరును అక్కడ బిగించాడు. నా పసుపు గుండ్రాన్ని ముట్టలేదు.

"ఆ జాగకు ఏమైందన్నా?"

"కుదరలే చెల్లె. మార్చిన."

మా ఆయన వచ్చాక ఇలా అన్నాడు: "నాదే తప్పు తమ్మీ. ఎర్త్ జాగ సరిగ్గ సూసుకోలే. ఇగ ఏం కాదు." మా ఆయన తెచ్చిన ఆ సన్న వైరు కూడా తనే వేసి పోయాడు.

నాకెంత మంచిగా అనిపించిందో! ఈ రోజుల్లో తప్పు ఒప్పుకునే మనిషి ఎక్కడున్నాడు? చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ చెప్పాను. "పాపం ఆయనే ఒప్పుకున్నడు, నా తప్పే అని. మంచి మనిషి." వాళ్ళు ఇంటికి పోయి వాళ్ళ మగవాళ్ళకు చెప్పారు. మా మరిది మాటను అడ్డాలో కొందరైనా అనుమానించి ఉంటారు. నా మాటతో ఆ అనుమానం కూడా పోయింది. ఆయన మంచితనాన్ని పొగుడుతున్నాననుకుంటూ నేను ఆయన పని చెడ్డదని ఇల్లిల్లూ తిరిగి చాటాను.

రెండు నెలల తర్వాత శామీర్‌పేటలో మా పుట్టింట్లో ఉన్నాను. మా తమ్ముడు ట్రాక్టరు ట్రాలీకి వెనక లైటు బిగిస్తున్నాడు. వైరు పెట్టే చోట కత్తితో రంగు గీకుతున్నాడు. కొత్త ట్రాలీ, నిగనిగలాడే రంగు. నాకు జాలేసింది.

"ఎందుకురా మంచి రంగు పాడు జేస్తున్నవ్?"

"రంగు మీదికెల్లి కరెంటు పోతదా అక్కా? ఉత్త ఇనుముకే పట్టాలె."

"రంగు ఉంటే ఏమైతది?"

"దాని తొవ్వ మూసినట్టే. ఇంగెక్కడ తొవ్వ దొరికితే అక్కడికెల్లి పోతది. సన్న వైరు దొరికితే దాన్ని కాల్చి పోతది."

నా చేతిలో చాట ఉంది. దాన్ని కింద పెట్టి అక్కడే కూలబడ్డాను. మా బండిలో అలా దొరికింది టేపునుంచి పోయే ఆ సన్న వైరే. రెండు పూతలు వేశాను కదా, ఎండకు ఆరనిచ్చి మరీ వేశాను కదా. ఆయన గోటితో గీకడం, మా గడప దిక్కు చూడడం అన్నీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. మా తమ్ముడు "ఏమైందే, ఎండదెబ్బనా?" అంటున్నాడు. చలికాలంలో.

మర్నాడే మేడ్చల్ వచ్చి, ఇంటికి కూడా పోకుండా ఆయన దుకాణానికి పోయాను. ఒక్కడే కూచుని ఉన్నాడు. ముందర ఏ బండీ లేదు.

"అన్నా, నా రంగుతోనే గదా బండి కాలింది?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఎవరు జెప్పిండ్రు?"

"నువ్వెందుకు చెప్పలే?"

కొంచెం తడబడ్డాడు. "సూడు చెల్లె. నేను చర్చికి పొయ్యేటోణ్ణి. నీ పసుపుతోని బండి కాలిందని నా నోటితోని నేనంటే, అది వైరు ముచ్చట లెక్క ఉంటదా? మీ మరిది అడ్డాల ఏమంటడు? నిన్ను నీ పెనిమిటి ఏమంటడు, పండుగ పూట జేసిన పనికి? అందుకే వద్దనుకున్న."

"అది పసుపు గాదన్నా, ఉత్త పెయింటు. గడపకేసే పెయింటు. దేవుని ముచ్చట కానే కాదు. పెయింటని చెప్తే సరిపోతుండె గదా!"

ఆయన నోరు తెరిచి నన్నే చూశాడు. తర్వాత నవ్వాడు, తల కొట్టుకుంటూ. "పెయింటు! అరెరె. గది నాకు తోచనే లేదు చెల్లె. ముప్పై ఏండ్లకెల్లి పెయింటు గీకుతున్న, పెయింటని తోచలే."

నేనూ నవ్వాను, ఏడుపు కూడా వచ్చింది. ఆయనకు నిజంగానే తోచలేదా? నన్ను ఊరడించడానికి అలా అన్నాడా? ఇన్నేళ్ళయినా నేను తేల్చుకోలేకపోతున్నాను. పూజ అని గౌరవించి ఊరుకున్నాడు, అది పూజ కాదు. తప్పు ఒప్పుకున్నాడని నేను పొగిడాను, ఆయన తప్పు చెయ్యలేదు. ఇద్దరమూ మంచే అనుకుని చేసినది ఇలా ఎందుకయిందో దేవుణ్ణి అడుగుతుంటాను.

ఆ రోజు ఇంటికి పోగానే మా ఆయనకు చెప్పాను. ముందు నమ్మలేదు. డిక్కీ తెరిచి ఆ మాడిన గుండ్రం చూసుకుని, "వైరు బిగించింది నేనే గదా," అని తల దించుకున్నాడు. అడ్డాకు పోదాం రమ్మన్నాను. అంతకు ముందు నేను అక్కడ కారు దిగింది కూడా లేదు. పదిమంది డ్రైవర్ల ముందర నిలబడి, "తప్పు ఆయనది కాదు, రంగు పూసింది నేను," అని చెప్పాను.

కొందరు నవ్వారు. ఒకాయన, "అక్కా, మా బండికి జర ముగ్గు గూడ ఎయ్యరాదు," అన్నాడు. మా మరిదికి కోపం వచ్చింది. "డిక్కీల ఆడోళ్ళకేం పని వదినా? నా ఇజ్జత్ మళ్ళ తీస్తివి," అన్నాడు. తను ఎవరెవరికి ఏం చెప్పాడో వాళ్ళ దగ్గరికి పోయి ఆ మాట వెనక్కి తీసుకొమ్మని ఎంత బతిమాలినా పోలేదు. మనసు మార్చుకున్న ఇద్దరిలో ఒకాయన మాత్రం తన జీపు తీసుకుపోయి వైరింగు చేయించుకున్నాడు. రెండో ఆయన అప్పటికే పట్నంలో చేయించుకున్నాడు. మిగతావాళ్ళు నేను చెప్పిన మాటే మరిచిపోయారు. ఆయన పని మంచిది కాదన్న సంగతి మాత్రం వాళ్ళకు గుర్తుండిపోయింది.

ఆ ఎండాకాలానికి ఆ షటరు మీద వేరే బోర్డు పడింది. దుండిగల్ దిక్కు ఒక కాలేజీలో ఫ్యాన్లు, ట్యూబులైట్లు చూసే పనికి ఆయన కుదిరాడని విన్నాం. లారీల పని తగ్గినందుకే పోయాడని మా ఆయన అంటాడు. అయ్యుండవచ్చు. నా వల్ల ఎంత, కాలం వల్ల ఎంత అన్నది నాకు తెగదు. తర్వాత ఒక్కసారే కనిపించాడు, గండిమైసమ్మ చౌరస్తాలో, షేర్ ఆటోలో వెనక కూచుని. చెయ్యి ఊపి, "లైట్లు మంచిగున్నయా చెల్లె?" అని అరిచాడు. నేను జవాబు చెప్పేలోపల ఆటో కదిలింది.

మంచిగానే ఉన్నాయన్నా. ఆ కారు అమ్మేసేదాకా నువ్వు వేసిన ఒక్క వైరు వేడెక్కలేదు.

చదివేవాళ్ళను నేను కోరేది ఒక్కటే. మేడ్చల్ రోడ్డు మీద ఒక ముసలి ఎలక్ట్రీషియన్ ఉండేవాడని, ఆయన చేసిన వైరింగుతో బరాత్‌లో కారు కాలిందని మీలో ఎవరైనా ఎప్పుడైనా విని ఉంటే, ఆ మాట తప్పు. ఆయన పని చాలా మంచిది. దయచేసి ఆయనను అలా గుర్తుపెట్టుకోండి. మీరు చర్చికి పోయేవాళ్ళయినా గుడికి పోయేవాళ్ళయినా, ఈసారి దండం పెట్టేటప్పుడు ఆయనను ఒక్కసారి తలుచుకోండి.